కంప్యూటరు పలక మీద చుక్కల ముగ్గు

పిల్లలూ, నెలగంట పెట్టిన మర్నాటి నుంచి సంక్రాంతి వెళ్ళేదాకా, తెల్లవారుజామున మీ వీధిలో ఒక్కసారి నడిచి చూడండి. కళ్ళాపి జల్లిన ప్రతి వాకిటా ఒక బొమ్మ కనబడుతుంది. ఆ బొమ్మ వేసినవారు కొలబద్ద పట్టలేదు, వృత్తలేఖిని పట్టలేదు, రబ్బరు పట్టలేదు. వేళ్ళ మధ్య చిటికెడు ముగ్గుపిండి పట్టుకుని, నడుం వంచి, ముందు చుక్కలు పెట్టారు. తరువాత ఆ చుక్కల చుట్టూ గీత తిప్పారు. పొద్దెక్కేసరికి సైకిళ్ళూ, ఆటోలూ, పశువులూ దాని మీదుగా వెళ్ళిపోతాయి. మర్నాడు మళ్ళీ కొత్త ముగ్గు.

గజపతినగరంలో మా ఇంటి వాకిట మా అమ్మ ప్రతి ఏడూ భోగినాడు ఒకే ముగ్గు వేసేది. దాన్ని మేము ఆరు రేకుల ముగ్గు అనేవాళ్ళం. చుక్కలు "సందు చుక్క, ఏడు నుంచి నాలుగు". తెలియనివారి కోసం చెపుతాను. నడిమి వరుసలో 7 చుక్కలు పెడతారు. దాని పైన, చుక్క మీద చుక్క కాకుండా రెండు చుక్కల సందులో ఒకటి వచ్చేటట్టు 6 పెడతారు. ఆ పైన 5, ఆ పైన 4. కింద వైపు కూడా ఇట్లాగే. మొత్తం ఎన్నయినాయి? లెక్క కట్టండి. 37. దూరం నుంచి చూస్తే చుక్కలన్నీ కలిసి తేనెపట్టు గదిలాగా ఆరు మూలలతో ఉంటాయి. ఒక్కొక్క మూలకు ఒక్కొక్క రేకు.

మా అమ్మ ఇప్పుడు లేదు. ఆ ముగ్గును మా అప్ప ఎనిమిదో తరగతిలో ఉండగా తన రూళ్ళ నోటుపుస్తకంలో పెన్సిలుతో వేసి పెట్టుకున్నది. పోయిన ఏడాది పాత పెట్టె సర్దుతుంటే ఆ పుస్తకం దొరికింది. కాని నాకంటె ముందు చెదపురుగులు దాన్ని చదివేశాయి! ముగ్గు ఉన్న పేజీలో నడిమి భాగమూ, ఒక్క రేకూ మిగిలాయి. ఆ రేకు కొసన కూడా శనగగింజంత కన్నం ఉన్నది.

ఆ పేజీ చూచినప్పుడు నాకు కలిగిన ఆలోచన ఇది: ఆరు రేకులూ ఒకటే గదా, ఒక్కటి మిగిలితే చాలదా? కాగితం మీద తిరిగి వేద్దామని కూర్చున్నాను. ఒకప్పుడు నేను నల్లబల్ల మీద ఒక్క ఊపులో సున్న చుట్టి, పిల్లలచేత చప్పట్లు కొట్టించుకున్న మేష్టరినే. ఇప్పుడు చెయ్యి కొంచెం వణుకుతుంది. గీసిన మెలికలన్నీ వానపాము పాకినట్టు వచ్చాయి.

"తాతా, కంప్యూటరులో వెయ్యి," అన్నది మా మనవరాలు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను కంప్యూటరును జీతాల పట్టీలకూ, మార్కుల జాబితాలకూ తప్ప వాడి ఎరగను. అయినా సరే, బల్ల మీది పెద్ద కంప్యూటరు ముందు కూర్చుని, విండోసుతో పాటే వచ్చే పెయింట్ అనే ప్రోగ్రాము తెరిచాను. అక్కడ పెన్సిలు బొమ్మను నొక్కి, మౌసు పట్టుకుని, రేకు గీయబోయాను. కాగితం మీద వానపాము పాకితే ఇక్కడ జెర్రి పాకింది! కారణం ఆలోచిస్తే తెలిసింది. పెన్సిలు పట్టినప్పుడు మన వేళ్ళు కదులుతాయి. చూపు పెన్సిలు ముక్కు మీదే ఉంటుంది. మౌసు పట్టినప్పుడు మణికట్టూ మోచెయ్యీ కదులుతాయి. చెయ్యి ఒక చోట, చూపు ఇంకొక చోట. ఈ మౌసును 1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన బృందం మొదటిసారి తయారుచేసినప్పుడు అది చిన్న కొయ్యపెట్టె. దాని కింద రెండు చక్రాలు ఉండేవి. తెర మీద ఒక చోటును చూపించటం కోసం దాన్ని చేశారు. వేలితో చూపించటానికి చేసిన వస్తువుతో బొమ్మ గీస్తే కష్టం కాదూ?

అందుచేత మౌసుతో గీసేటప్పుడు దాన్ని పెన్సిలనుకోకూడదు. చూపుడువేలు అనుకోవాలి. పెయింట్‌లో గీతకు వేరే పనిముట్టు ఉన్నది. మొదలు చూపించి, కొస చూపిస్తే, మధ్య గీత అదే గీసి పెడుతుంది. షిఫ్టు మీట నొక్కి పట్టుకుంటే ఆ గీత వంకర పోదు. కోడిగుడ్డు ఆకారం చక్కని వృత్తమవుతుంది. వంపుగీతకు ఇంకొక పనిముట్టు ఉన్నది. ముందు తిన్నని గీత గీసి, తరువాత దాన్ని మౌసుతో పట్టి రెండుసార్లు లాగవచ్చు. రెండు వైపులకు లాగితే గీత పాములాగా మెలిక తిరుగుతుంది. ఇది తెలిశాక నా రేకు రేకులాగా వచ్చింది.

రంగు వేద్దామని బక్కెటు బొమ్మను నొక్కి రేకులో పోశాను. తెర అంతా ఎర్రబడిపోయింది! గీతలో ఎక్కడో ఒక సన్న సందు ఉండిపోయింది. గట్టు తెగిన మడిలో నీరు నిలవనట్టే, గీత తెగిన బొమ్మలో రంగు నిలవదు. కంట్రోలు మీటా, జెడ్ మీటా కలిపి నొక్కితే పోసిన రంగు వెనక్కు పోయింది. ఈ వెనక్కు తీసుకునే సదుపాయం చూస్తే నాకు అసూయ కలిగిందని ఒప్పుకుంటాను. మన శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్యగారు, బొమ్మ మూల 'వ.పా.' అని సంతకం చేసే ఆయన, చందమామ అట్టల మీద వేసిన బొమ్మలు మీ తాతల నడిగితే చెపుతారు. నీటిరంగు ఒకసారి కాగితాన్ని తాకిందంటే తాకిందే. ఆ భయంలో చెయ్యి నేర్చుకునే జాగ్రత్త ఒకటి ఉంటుంది. కాబట్టి పెన్సిలూ కాగితమూ మానేసి కంప్యూటరు పట్టమని నేను ఏ పిల్లవాడికీ చెప్పను.

సరే, నా రేకు తయారయింది. దాన్ని వాకిలంత పెద్దది చేసి చూద్దామనుకున్నాను. పెద్దది చేసేకొద్దీ నున్నని వంపు కాస్తా మెట్లు మెట్లుగా విడిపోయింది. ఎందువల్ల?

కంప్యూటరు తెర నిజానికి ఒక గళ్ళ కాగితం. మా ఇంటి తెరలో అడ్డంగా 1920 గళ్ళు, నిలువుగా 1080 గళ్ళు ఉన్నాయి. హెచ్చవేస్తే 20,73,600. ఈ గడిని పిక్సెలు అంటారు. ప్రతి పిక్సెలులోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు బుల్లి వెలుగులు ఉంటాయి. ఒక్కొక్క వెలుగును ఆరిపోయిన స్థితి నుంచి నిండుగా వెలిగే స్థితి దాకా 256 మెట్లలో పెంచవచ్చు. మూడింటినీ కలిపితే 256ను మూడుసార్లు హెచ్చవేసినన్ని, అనగా 1,67,77,216 రంగులు. పెయింట్‌లో బొమ్మ అంటే ఒక పెద్ద ఖాతా పుస్తకమన్నమాట: ఈ గడిలో ఈ రంగు, ఆ గడిలో ఆ రంగు అని వరసగా రాసి ఉంటుంది. అది రేకు అని గాని, వంపు అని గాని దానికి తెలియదు. పెద్దది చెయ్యమంటే ఒక్కొక్క గడినీ సాగదీయటం తప్ప పాపం అదేం చేస్తుంది?

ఫోటోలకూ, నీటిరంగు బొమ్మలవంటివాటికీ ఈ ఖాతా పద్ధతే తగినది. ఆకాశంలో నీలం కొంచెం కొంచెంగా తెలుపులో కలిసిపోవటాన్ని ఏ గీత చెప్పగలదు? కాని ముగ్గుకు ఇది తగదు. ముగ్గు అంటే గీత.

గీతను గీతగానే గుర్తుపెట్టుకునే పద్ధతి ఇంకొకటి ఉన్నది. మనవరాలు ఇంక్‌స్కేప్ అనే ప్రోగ్రాము తెచ్చి పెట్టింది. 2003లో మొదలైన ఈ ప్రోగ్రామును ఎవరైనా కాసు ఖర్చు లేకుండా తెచ్చుకోవచ్చు. ఇందులో మీరు వృత్తం గీస్తే, గళ్ళ జాబితాకు బదులు, "ఇక్కడ కేంద్రం, ఇంత వ్యాసార్ధం" అని ఒక్క ముక్క రాసుకుని ఊరుకుంటుంది. తెర ఎంత పెద్దదైనా ఆ ముక్కను చూచి అప్పటికప్పుడు కొత్తగా గీస్తుంది. అందువల్ల మెట్లు తేలవు.

వృత్తం సంగతి సరే, మెలికను ఎట్లా రాసుకుంటుంది? ఇది మీరు పెన్సిలుతో చేసి చూడవలిసినదే. కాగితం మీద మూడు చుక్కలు పెట్టండి: ఎడమ వైపు కింద క, నడుమ పైన చ, కుడి వైపు కింద ట. క నుంచి చకు, చ నుంచి టకు గీతలు గీయండి. మొదటి గీతలో సరిగ్గా సగం దగ్గర ఒక గుర్తు, రెండవ గీతలో సగం దగ్గర ఒక గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తులనూ కలపండి. ఈ కలిపిన గీతకు సగం దగ్గర ఒక ఎర్రచుక్క పెట్టండి. ఇప్పుడు ఇదే పని సగానికి బదులు పావు దగ్గర చేయండి: మొదటి గీతలో పావు వంతు నడిచి ఒక గుర్తు, రెండవ గీతలో పావు వంతు నడిచి ఒక గుర్తు, రెంటినీ కలిపిన గీతలో పావు వంతు నడిచి ఎర్రచుక్క. తరువాత ముప్పావు దగ్గర. క, మూడు ఎర్రచుక్కలు, ట వరసగా కలపండి. చక్కని వంపు వస్తుంది. అది చ అనే చుక్కను తాకనే తాకదు. కాని చను కొంచెం పైకి జరిపి మళ్ళీ చేస్తే, తాడు కట్టి లాగినట్టు వంపు కూడా పైకి వస్తుంది.

కంప్యూటరు చేసే పని ఇదే. అయితే అది లాగటానికి ఒక చుక్కకు బదులు రెండు చుక్కలు వాడుతుంది. అందుచేత మెలికలు కూడా సాధ్యమవుతాయి. పెయింట్‌లో వంపుగీతను రెండుసార్లు లాగమన్నది జ్ఞాపకమున్నదా? ఆ రెండు లాగుళ్ళూ ఈ రెండు చుక్కలే. తేడా ఏమంటే పెయింట్ వంపు గీసి ఆ చుక్కలను మరచిపోతుంది. ఇంక్‌స్కేప్ వాటిని దాచుకుంటుంది. ఈ ఉపాయం ముగ్గుల కోసం పుట్టలేదు, కార్ల కోసం పుట్టింది. కారు వంపులను అంకెలలో చెప్పటానికి ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీలో పాల్ డి కాస్టెల్జో 1959లో దీన్ని కనిపెట్టాడు. కంపెనీ దాన్ని రహస్యంగా ఉంచింది. 1960 తరువాతి ఏళ్ళలో రెనో కంపెనీ ఇంజనీరు పియేర్ బెజియే అటువంటి పద్ధతినే పైకి ప్రకటించాడు. అందుచేత వాటికి బెజియే వంపులని పేరు వచ్చింది. ముందు కనిపెట్టినవాడి పేరు మరుగున పడింది.

ఆ వంపులు మీ కళ్ళ ముందే ఉన్నాయి. కంప్యూటరులో మీరు చూసే ప్రతి తెలుగు అక్షరాన్నీ ఎవరో ఒకరు కూర్చుని, ఈ విధంగా చుక్కలు లాగి, వంపులు సవరించి గీసినదే. మన విజయనగరంలో జీవించిన గురజాడ అప్పారావుగారి పేరుతో 'గురజాడ' అనీ, శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారి పేరుతో 'గిడుగు' అనీ రెండు అక్షర రూపాలు ఉన్నాయి. వాటిని పురుషోత్ కుమార్ గుత్తుల గీయగా, సిలికానాంధ్ర సంస్థ అందరూ ఉచితంగా వాడుకోవటానికి ఇచ్చింది. మన అక్షరాలలో తిన్నని గీతలు తక్కువ, గుండ్రాలూ మెలికలూ ఎక్కువ. తలకట్టూ, గుడీ, కొమ్మూ, ఒత్తులూ ఎన్నెన్ని వంపులో! నాకు ఒక్క రేకు వంచటానికే సాయంకాలమయింది. ఆ పనిచేసినవారి ఓర్పు ఎంతటిదో అప్పుడు తెలిసింది.

ఇక నా ముగ్గు సంగతి. నోటుపుస్తకం పేజీకి నిటారుగా పైనుంచి ఫోటో తీశాను. (పక్కనుంచి తీస్తే దూరంగా ఉన్న అంచు కురచగా పడుతుంది, జాగ్రత్త.) ఆ ఫోటోను ఇంక్‌స్కేప్‌లోకి తెచ్చి, వెలిసిపోయినట్టు పలచన చేసి, కదలకుండా తాళం వేశాను. దాని మీద ఇంకొక పొర పరిచాను. ఇవి నూనె కాగితాల్లాంటి పొరలు; ఒకదాని కింద ఒకటి కనబడుతుంది గాని, పైదాని మీద గీసింది కిందిదానికి అంటదు. పై పొరలో ముందు 37 చుక్కలూ పెట్టాను. రేకు చుట్టూ మలుపు తిరిగే చోటల్లా ఒక కణుపు పెట్టి, కణుపుకు ఉన్న పిడులు లాగి, పెన్సిలు గీత మీద నా గీత సరిగా కూర్చునేదాకా సవరించాను. చెదపురుగు కన్నం ఉన్న చోట మాత్రం నా ఊహకు తోచినట్టు, కొస చుక్కకు బయటినుంచి తిప్పాను. చెయ్యి వణికినా ఫరవాలేదు. వణుకు తగ్గినప్పుడు మళ్ళీ పట్టుకుని సరిచేసుకోవచ్చు. కణుపు ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది.

రేకు పూర్తి అయింది. దానికి అయిదు ప్రతులు తీసి ఒక్కొక్కదాన్నీ నడిమి చుక్క చుట్టూ 60 డిగ్రీల చొప్పున తిప్పితే పని అయిపోవాలి. ఆరు అరవైలు 360 గదా! ఒక ప్రతిని తిప్పాను. రేకు కొస పై వరుస మూల చుక్క మీద పడవలిసింది, కిందనే ఆగిపోయింది. ఇంకొకటి తిప్పాను. అదీ అంతే. నేను కంప్యూటరునే తిట్టుకున్నాను. "తాతా, అది నువ్వు చెప్పిందే చేస్తుంది," అన్నది మనవరాలు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్న లేచి కాగితం మీద లెక్క వేశాను. నా చుక్కలకు అడ్డంగా దూరం 100. వరుసకూ వరుసకూ మధ్య దూరం కూడా 100. అప్ప తన నోటుపుస్తకంలో ఒక్కొక్క రూలు మీద ఒక్కొక్క వరుస పెట్టింది. నేను దానినే అనుసరించాను. కాని 60 డిగ్రీలు తిప్పినప్పుడు చుక్క మీద చుక్క పడాలంటే, పక్క పక్క చుక్కలు మూడు కలిసి సమబాహు త్రిభుజం కావాలి. భుజం 100 అయిన సమబాహు త్రిభుజం ఎత్తు ఎంత? పై తరగతి పిల్లలు పైథాగరసు సూత్రంతో చూడండి: సుమారు 86.6. అందుచేత వరుసల మధ్య దూరం 100 కాదు, సుమారు 87 ఉండాలి. ఒక వరుసలో తేడా 13 అయితే, మూడు వరుసలు ఎక్కేసరికి 40. నా రేకు ఆగిపోయింది సరిగ్గా అంత దూరంలోనే!

అమ్మ రూళ్ళ కాగితం మీద వెయ్యలేదు. వాకిట వేసింది. ఇటు చుక్కకూ అటు చుక్కకూ ఎంత దూరమో, కింది రెండు చుక్కలకూ అంతే దూరం వచ్చేటట్టు కంటితోనే చూచి సందు చుక్క పెట్టేది. ఆమె త్రిభుజం పేరు విన్న మనిషి కాదు. నేను ముప్ఫై ఏళ్ళు త్రిభుజాలు చెప్పినవాణ్ణి, నాకు ఒక రాత్రి నిద్ర పోయింది.

వరుసలను 87 దూరానికి దించి, రేకును కూడా దానికి తగినట్టు సవరించి, మళ్ళీ తిప్పాను. ఆరు రేకులూ ఆరు మూల చుక్కల మీద కూర్చున్నాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను తీసిన ప్రతులు మామూలు ప్రతులు కావు. ఇంక్‌స్కేప్‌లో క్లోను అని ఒక రకం ప్రతి ఉన్నది. అసలుకు ఏది చేస్తే క్లోనుకూ అది జరుగుతుంది, అద్దంలో నీడకు జరిగినట్టు. ఈ ఆలోచన చాలా పాతది. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవన్ సదర్లాండ్ అనే యువకుడు తన పట్టా పరిశోధనగా స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము చేశాడు. ఒక గదిలో నిండుగా ఉండే కంప్యూటరు; చిన్న తెర; తెర మీద ఆనించే వెలుగుకలం. ఆయన ఒక మూల చిత్రం గీసి దానికి ఎన్ని ప్రతులైనా పెట్టేవాడు. మూల చిత్రం మారిస్తే ప్రతులన్నీ మారేవి. మనుషులు కంప్యూటరుతో గీతల ద్వారా మాట్లాడటం ఆ ప్రోగ్రాముతో మొదలయిందని చెప్పవచ్చు.

మా మనవరాలికి మూడవ దారి ఒకటి తెలుసు. అందులో గీయటమే ఉండదు, చెప్పటమే. 1967లో పిల్లల కోసం పుట్టిన లోగో అనే కంప్యూటరు భాషలో ఒక తాబేలు ఉంటుంది. దానికి ఆజ్ఞలివ్వాలి: "100 ముందుకు నడు, 60 డిగ్రీలు కుడికి తిరుగు. ఇట్లా ఆరుసార్లు." తాబేలు నడిచిన దారి తెర మీద గీతగా పడుతుంది. ఏం బొమ్మ వస్తుందో మీరే ఊహించండి. ఇప్పుడు పైథాన్ భాషలో కూడా ఈ తాబేలు ఉన్నది. ఇంట్లో కంప్యూటరు లేనివారు ఆరుబయట ఒకరు తాబేలై, ఇంకొకరు ఆజ్ఞలిచ్చి ఆడుకోవచ్చు. నా చిన్నప్పుడు ముగ్గు నేర్పేటప్పుడు అప్పకు అమ్మ ఇచ్చినవి కూడా ఇటువంటి ఆజ్ఞలే: "చుక్క దాటు, కుడికి తిరుగు, మళ్ళీ చుక్క దాటు." ఇది నా వేడుక మాట కాదు. 1974లో మద్రాసులో గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి దంపతులు, కమలా కృతివాసన్ అనే మరొక పండితురాలితో కలిసి, తమిళుల ముగ్గులను (వారు కోలమంటారు) ఒక భాషగా భావించి, దాని వ్యాకరణ సూత్రాలు రాశారు. ఆ సూత్రాలు కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఇప్పటికీ చదువుతారు.

పెన్సిలు పట్టినట్టే గీయాలని ఆశపడే పిల్లలూ ఉంటారు. వారికి మౌసు చాలదు. పెన్ను పలక అని ఒకటి దొరుకుతుంది. బల్ల మీద పలక పెట్టి దానికిచ్చిన కలంతో గీస్తే తెర మీద పడుతుంది. గట్టిగా నొక్కితే గీత లావు, మెల్లగా తాకిస్తే సన్నం. దీనికి క్రిటా అనే ప్రోగ్రాము మంచిది, అదీ ఉచితమే. అందులో వణికే చేతిని నిలబెట్టే ఏర్పాటు కూడా ఉన్నది. మా మనవరాలు స్నేహితురాలి దగ్గర పలక తెచ్చి, చంపావతి ఒడ్డున గేదెలను గీస్తూ, నన్నూ ఒక గీత గీయమన్నది. గీత నున్నగానే వచ్చింది. కాని నా చెయ్యి వెళ్ళిన కాసేపటికి గీత వెనకనుంచి వచ్చింది, తాడు కట్టిన దూడలాగా. నాకు నచ్చలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. పలక కొన్ని వేల రూపాయలు పెట్టాలి. పిల్లవాడు అడిగిన వెంటనే కొనకండి. లేదని వాడిచేత గీయటం మాన్పించనూ వద్దు. జపానులో తత్సువో హోరియుచి అనే ఆయన ఉద్యోగం విరమించే వయసులో బొమ్మలు మొదలుపెట్టాడు. బొమ్మల ప్రోగ్రాములు ఖరీదని, కంప్యూటరుతో వచ్చిన ఎక్సెల్‌లోనే వేశాడు. ఎక్సెల్ అంటే నేను మార్కుల జాబితాలు వేసిన పట్టికే! అందులోని గీతలూ ఆకారాలూ పేర్చి ఆయన కొండలూ, పూచిన చెర్రీ చెట్లూ గీశాడు. ప్రపంచమంతా చూచింది. అన్నేళ్ళు ఆ పట్టికలో మార్కులు కూడానే గాని నాకు ఒక్క చెట్టు కనబడలేదు.

ముగ్గును పెద్ద కాగితం మీద అచ్చు వేయించి, చుట్ట చుట్టి, రైలెక్కి బొబ్బిలి వెళ్ళాను. మా అప్ప ఉండేది అక్కడే. ఆమె కాగితాన్ని మంచం మీద పరచి, కళ్ళజోడు పెట్టుకుని, చాలాసేపు మాట్లాడలేదు. చూపుడువేలు గీత మీద ఆనించి ఒక రేకు అంతా నడిపించింది. కొసకు వచ్చి ఆగింది.

"అంతా అమ్మదేరా. ఈ మెలిక మాత్రం తప్పు," అన్నది.

"ఏ మెలిక అప్పా?"

"ఇదిగో, ఈ చివర. అమ్మ చుక్క బయటినించి తిప్పీది కాదు. లోపలికొచ్చి, చుక్కని చుట్టి, అప్పుడు ఎల్లీది. అందుకే ఆ రేకు కొస మొగ్గలాగుండీది. నువ్వు దాన్ని ఆకు చేసేసినావు."

చెదపురుగు తిన్న చోటు అదే.

సాయంత్రం బండికి ఇంటికి వచ్చి, కంప్యూటరు తెరిచి, మొదటి రేకు కొసన ఉన్న కణుపును పట్టుకుని లోపలికి లాగాను. మెలిక చుక్కకు చుట్టుకుంది. మిగిలిన అయిదు రేకుల కొసలూ అదే క్షణంలో వాటంతట అవే లోపలికి తిరిగి మొగ్గలయినాయి. ఫోటో తీసి అప్పకు ఫోనులో పంపాను. కాసేపటికి ఆమె ఫోను చేసింది.

"ఇదేరా తమ్ముడూ. ఇంక నడిమిన గొబ్బెమ్మని పెట్టు."